ప్రొటీన్ మాస్క్ పెట్టే ముందు ఒక్క వెంట్రుక తడిపి లాగి చూడండి

మొన్న ఆదివారం బెంగళూరు నుంచి మా చెల్లి ఫోన్ చేసి "అక్కా, నా జుట్టు చీపురులా అయిపోయింది, ఇంకో ప్రొటీన్ మాస్క్ ఆర్డర్ పెట్టనా" అని అడిగింది. నేను వెంటనే "వద్దు, ఆగు, ఏదీ కొనకు" అని గట్టిగా అనేశా, పాపం భయపడింది కూడా. ఎందుకంటే మూడేళ్ల కింద నేను సరిగ్గా ఇదే చేశా, చీపురులా అయిన జుట్టుకి ప్రొటీన్ సరిపోలేదేమో అనుకుని ఇంకా ఇంకా పెట్టుకుంటూ పోయా, చివరికి వీపు మధ్య దాకా ఉన్న జుట్టు భుజాల పైకి కత్తిరించుకోవాల్సి వచ్చింది. చెల్లికి ఫోన్లో గంటసేపు చెప్పిందంతా ఇక్కడ కూడా రాసేస్తున్నా, ఇంకెవరికైనా ఒక జడ మిగిలితే అదే చాలు.

నా కథ మా బాబాయి కూతురి పెళ్లితో మొదలైంది. అప్పటిదాకా నా జుట్టుకి రంగంటే తెలీదు, కుంకుడుకాయ నుంచి షాంపూకి మారడం ఒక్కటే జరిగిన పెద్ద మార్పు. పెళ్లికి అందరం హైలైట్స్ వేయించుకుందాం అనుకుని ఇంటి దగ్గర ఒక పార్లర్‌కి వెళ్లాం, మన నల్ల జుట్టు మీద తేనె రంగు కనపడాలంటే ముందు బ్లీచ్ పెట్టి నలుపు తీయాలి కదా, నాకు ఒకసారికి నారింజ రంగు దగ్గరే ఆగిపోయిందని అదే రోజు రెండోసారి కూడా పెట్టేశారు. ఫొటోల్లో చాలా బాగా వచ్చింది. పెళ్లయ్యి హైదరాబాద్ తిరిగొచ్చాక మొదటి తలస్నానం రోజు మాత్రం నాకు ఏడుపొచ్చేసింది. తడి జుట్టు వేళ్లకి ఉడికిన సేమ్యాలా తగిలింది, దువ్వెన పెడితే వెంట్రుక సాగుతోంది, సాగి సాగి అక్కడే తెగుతోంది, వదిలేసినా మళ్లీ వెనక్కి రావట్లేదు.

అలా ఎందుకవుతుందో తెలిస్తేనే ప్రొటీన్ ఎప్పుడు పెట్టాలో అర్థమవుతుంది కాబట్టి ఈ ముక్క కొంచెం ఓపిగ్గా చదవండి. వెంట్రుక అంటే దాదాపు మొత్తం కెరటిన్ అనే ప్రొటీనే. పైన పెంకుటింటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి కప్పుకుని ఐదు నుంచి పది వరసల పొలుసులు ఉంటాయి, దాన్ని క్యూటికల్ అంటారు. లోపల కొబ్బరితాడు పురి పెట్టినట్టు కెరటిన్ పోగులు మెలికలు తిరిగి ఉంటాయి, అది కార్టెక్స్, బలమంతా దాన్లోనే. ఆ పోగుల్ని పట్టి ఉంచే బంధాల్లో గంధకం బంధాలు గట్టివి, ఎన్ని నీళ్లు పోసినా ఊడవు, ఇంకా హైడ్రోజన్ బంధాలని ఉంటాయి, అవి తడవగానే ఊడిపోయి ఆరగానే మళ్లీ పడతాయి, రాత్రి తడి జడతో పడుకుంటే పొద్దున్నకి జుట్టు వంకీలు తిరిగి ఉండేది వీటివల్లే. బ్లీచ్ ఏం చేస్తుందంటే క్షారంతో పెంకులు పైకి లేపుతుంది, దాన్లో ఉండే పెరాక్సైడ్ లోపలికి వెళ్లి నలుపుని విరగ్గొడుతుంది, అక్కడితో ఆగకుండా ఆ గంధకం బంధాల్లో కొన్నిటిని కూడా తెంచేస్తుంది, పైన పుట్టుకతో వచ్చిన సన్నటి నూనె పొరని కూడా తీసేస్తుంది. ఇంక అలాంటి జుట్టు తడిస్తే నీళ్లు గబగబా పీల్చేసుకుని ఉబ్బుతుంది, తడికి హైడ్రోజన్ బంధాలూ పోయాయి, గంధకం బంధాలూ కొన్ని తెగిపోయాయి, మరి దాన్ని పట్టుకునేది ఏముంది.

ఇంకో సంగతి, జుట్టు చచ్చిన కణాలు. వేలు తెగితే మానుతుంది గానీ వెంట్రుక మానదు. నెలకి ఒక సెంటీమీటరు, కొంచెం పైన పెరుగుతుంది, ఆ లెక్కన నడుం దాకా జడ ఉన్నవాళ్లకి ఆ చివర ఉన్న ముక్క వయసు ఐదారేళ్లు, అది ఎన్ని వందల తలస్నానాలు చూసి ఉంటుందో ఆలోచించండి. కాబట్టి ఏ డబ్బా మీద "రిపేర్" అని రాసి ఉన్నా అది అతుకే, కొన్ని తలస్నానాలకి పోయే అతుకు. నేను ఇది చెడ్డగా చెప్పట్లేదు, మంచి అతుకు వేస్తే ఆ జుట్టు ఇంకో ఏడాది నిలబడుతుంది, ఈలోపు కొత్త జుట్టు కింద నుంచి వస్తుంది.

ఆ అతుకే ప్రొటీన్ ట్రీట్‌మెంట్. డబ్బా వెనక హైడ్రొలైజ్డ్ అనే మాట చూసే ఉంటారు, హైడ్రొలైజ్డ్ కెరటిన్, హైడ్రొలైజ్డ్ వీట్ ప్రొటీన్, సోయ్, సిల్క్, కొలాజెన్, రైస్ అని రకరకాలుగా ఉంటుంది. అంటే పెద్ద ప్రొటీన్‌ని ఆమ్లంతోనో క్షారంతోనో ఎంజైమ్‌తోనో చిన్న చిన్న ముక్కలు చేశారని. బాగా చిన్న ముక్కలైతే దెబ్బతిన్న జుట్టు లోపలికి కొంచెం దూరం వెళ్లగలవు, పెద్ద ముక్కలు పైనే ఉండి సన్నటి పొరలా పట్టుకుంటాయి. దెబ్బతిన్న చోట జుట్టుకి నెగిటివ్ చార్జ్ ఎక్కువ ఉంటుంది కాబట్టి ప్రొటీన్ ముక్కల్లో పాజిటివ్ చార్జ్ ఉన్నవి పోయి పోయి అక్కడే అతుక్కుంటాయి, బాగున్న చోట అంతగా పట్టవు. నాకు ఇది తెలిసినప్పుడు చాలా నచ్చింది, ఎక్కడ చిరుగు ఉందో అక్కడికే పోయే అతుకన్నమాట.

సరే, సేమ్యా అయిన నా జుట్టుకి ఇది నిజంగా పనిచేసింది. ఒక గట్టి రకం ప్రొటీన్ ట్రీట్‌మెంట్ తెప్పించా, డబ్బా మీద చెప్పినట్టే అక్షరం తప్పకుండా చేశా, ఒక్కసారికే తేడా తెలిసింది, తడి జుట్టు వేళ్ల మధ్య జారిపోకుండా నిలబడింది, దువ్వెనకి వచ్చే ముక్కలు బాగా తగ్గాయి. అక్కడ ఆగాల్సింది. ఆగలేదు. ఒకసారికి ఇంత బాగుంటే ప్రతివారం పెడితే ఇంకెంత బాగుంటుందో అనుకున్నా, షాంపూ కెరటిన్‌ది కొన్నా, కండిషనర్ దాని జోడీదే, కడగకుండా జుట్టుకే వదిలేసే లీవ్-ఇన్‌లో సిల్క్ ప్రొటీన్, ఆదివారం మాస్క్, అది చాలనట్టు అమ్మ చెప్పిందని పదిహేను రోజులకోసారి గుడ్డు. రెండు నెలలు గడిచేసరికి జుట్టు ఎండుగడ్డిలా గరగరలాడటం మొదలైంది, వంచితే వంగట్లేదు, మెరుపు పోయింది, జడ వేస్తుంటే టిక్ టిక్ మని చిన్న చప్పుడుతో తెగుతోంది. ఎండిపోయింది, బలం లేదు, ఇంకా ప్రొటీన్ కావాలి అనుకున్నా నేను. మాస్క్ వారానికి రెండుసార్లు చేసేశా.

దీన్ని నేను అమ్మ నేత చీరలతో అర్థం చేసుకున్నా. మా ఇంట్లో కాటన్ చీరలకి గంజి పెట్టేది అమ్మ, పల్చటి గంజి పెడితే చీర కుచ్చిళ్లు నిలబడతాయి, చూడ్డానికి ఎంత బాగుంటుందో. అదే గంజి చిక్కగా పెడితే చీర అట్టలా తయారవుతుంది, అలాగే మడిచి బీరువాలో చాన్నాళ్లు ఉంచితే మడత మీదే చిరుగుతుంది. గంజి లేని చీర చిరిగితే ఆ చిరుగు వేరు, గంజి ఎక్కువై చిరిగిన చిరుగు వేరు, చేత్తో పట్టుకుంటేనే తెలిసిపోతుంది. జుట్టుకి కూడా అంతే, రెండిట్లోనూ తెగుతుంది కాబట్టి మనం తికమకపడతాం. లోపల ప్రొటీన్ ఎక్కువైపోయి జుట్టు పాడవడం కాదు ఇది, పైన పొర మీద పొర పేరుకుపోయి వెంట్రుక బిరుసెక్కడం.

ఆ రెండూ విడగొట్టి చూసుకునే పద్ధతి చాలా తేలిక, రూపాయి ఖర్చు లేదు. దువ్వినప్పుడు ఊడొచ్చిన వెంట్రుక ఒకటి తీసుకోండి, తల మీంచి పీకక్కర్లేదు. ఒక గిన్నెలో నీళ్లలో ఐదు నిమిషాలు నానబెట్టండి. తర్వాత రెండు చేతుల బొటనవేలు చూపుడువేలు మధ్య పట్టుకుని, మధ్యలో నాలుగు వేళ్ల వెడల్పు వదిలి, మెల్లగా, నిజంగా మెల్లగా లాగండి, వెలుతురుకి ఎదురుగా పెట్టుకుంటే బాగా కనపడుతుంది. బాగున్న తడి వెంట్రుక దాదాపు మూడోవంతు దాకా సాగి వదలగానే వెనక్కి వచ్చేస్తుంది, చిన్న స్ప్రింగ్‌లా, ఆ రావడం వేళ్లకి తెలుస్తుంది. సాగుతూ సాగుతూ పోయి, వెనక్కి రాకుండా నూలుపోగులా వేలాడిపోతే, పట్టుకుంటే మెత్తగా జిగురుగా ఉంటే, దానికి ప్రొటీన్ కావాలి. అసలు సాగకుండా, లాగీ లాగగానే టప్‌మని తెగిపోతే దానికి ప్రొటీన్ వద్దు, మెత్తదనం కావాలి, అంటే మామూలు కండిషనర్, నూనె. ఒక్క వెంట్రుకతో తేల్చెయ్యకండి, తలలో మూడు నాలుగు చోట్ల నుంచి వచ్చినవి చూడండి, నాకైతే ముందర బ్లీచ్ పడిన పాయలు ఒకలా, మెడ మీద ఉన్న జుట్టు ఇంకోలా ఉండేవి, అలాంటప్పుడు ప్రొటీన్ ముందరి పాయలకే పెట్టాలి, తలంతా పూసేయక్కర్లేదు.

గ్లాసులో నీళ్లు పోసి వెంట్రుక వేసి తేలుతుందా మునుగుతుందా చూసే టెస్ట్ ఒకటి తిరుగుతూ ఉంటుంది కదా, దాన్ని నమ్మకండి, జుట్టుకి కొంచెం నూనె ఉన్నా తేలుతుంది. లాగి చూసేదే నిజం.

ఇంక పెట్టే పద్ధతి. నేను ఇప్పుడు చేసేది చెప్తా. ముందు జుట్టు మీద నూనె, సీరం, పాత కండిషనర్ ఏదీ ఉండకూడదు, లేకపోతే ప్రొటీన్ వాటి మీద కూర్చుంటుంది తప్ప జుట్టుని పట్టదు, కాబట్టి క్లారిఫయింగ్ షాంపూతో, అంటే జుట్టు మీద పేరుకున్నవన్నీ కడిగేసే రకంతో, ఒకసారి శుభ్రంగా రుద్దుకోవాలి. తర్వాత నీళ్లు కారకుండా పాత కాటన్ పంచెతోనో టీషర్ట్‌తోనో అద్దాలి, రుద్దకూడదు, నీళ్లు కారుతుంటే పెట్టిందంతా పల్చనై కారిపోతుంది. మాడుకి పెట్టక్కర్లేదు, మాడు దగ్గర ఉన్నది నిన్నమొన్న పుట్టిన జుట్టు, దానికేం కాలేదు. చెవుల దగ్గర నుంచి చివర్ల దాకా పాయలు పాయలుగా తీసుకుని పైనుంచి కిందకి అరచేతుల మధ్య నొక్కుతూ రాయాలి. డబ్బా మీద 5 నిమిషాలంటే 5 నిమిషాలే, ఫోన్లో టైమర్ పెట్టుకోండి. రాత్రంతా ఉంచితే ఇంకా బాగా పడుతుందనేది నూనెకి చెప్పుకునే మాట, దీనికి కాదు. గట్టిపడే రకాలు కొన్ని ఉంటాయి, డ్రయర్‌తో ఆరబెడితే జుట్టు అప్పడంలా గట్టిగా అవుతుంది, ఆ టైంలో దువ్వెన గానీ వేలు గానీ పెట్టకూడదు, ముట్టుకుంటే విరుగుతుంది, గోరువెచ్చటి నీళ్లు ధారగా పోసి మెత్తబడేదాకా ఆగాలి.

ఆ తర్వాత కండిషనర్. దయచేసి ఈ మెట్టు వదలకండి, నేను చూసినవాళ్లలో సగం మంది ఇక్కడే తప్పు చేస్తారు, మాస్క్ అంటే అదే కండిషనర్ కదా అనుకుని కడిగేసి వచ్చేస్తారు. ప్రొటీన్ గట్టిదనం ఇస్తుంది, మెత్తదనం ఇవ్వదు. దాని మీద ప్రొటీన్ లేని మామూలు కండిషనర్ పట్టించాలి, వెనక చూస్తే సెటైల్ ఆల్కహాల్, బెహెన్‌ట్రైమోనియం అని ఉంటాయే అలాంటిది, పేరులో ఆల్కహాల్ ఉందని భయపడక్కర్లేదు, అది మైనంలా మెత్తగా ఉండే కొవ్వు పదార్థం, జుట్టుని ఎండబెట్టదు. రెండు మూడు నిమిషాలు ఉంచి, ఆ కండిషనర్ ఉండగానే పెద్ద పళ్ల దువ్వెనతో చివర్ల నుంచి మొదలుపెట్టి పైకి చిక్కు తీసుకుంటూ రావాలి, పైనుంచి కిందకి లాగితే చిక్కంతా చివర్లో ముడిపడి అక్కడ తెగుతుంది. అమ్మ చిన్నప్పుడు మాకు జడ మొదట్లో గట్టిగా పిడికిట పట్టుకుని కింద దువ్వేది, మాడు లాగకుండా, అదే పద్ధతి.

ఎన్నాళ్లకోసారి అంటే, బ్లీచ్ అయిన జుట్టుకి తేలికపాటి మాస్క్ అయితే రెండు మూడు వారాలకోసారి, గట్టిపడే రకం అయితే ఆరు వారాలకి తక్కువ కాకుండా. మామూలు డై మాత్రమే వేసుకునేవాళ్లకి నెలన్నరకో రెండు నెలలకో తేలిక రకం చాలు. రంగూ లేదు స్ట్రెయిట్‌నింగూ లేదు అనేవాళ్లకి అసలు అక్కర్లేదు, డబ్బులు వేస్ట్. ఈ లెక్కలు కూడా పట్టుకుని కూర్చోవద్దు, వెంట్రుక లాగి చూశాకే పెట్టండి, అది వెనక్కి వస్తుంటే ఆ వారం మానేయండి.

ఇక్కడ డబ్బా చదవడం గురించి ఒక మాట. పదార్థాలు ఎక్కువ నుంచి తక్కువకి వరసగా రాస్తారు, 1 శాతం కంటే తక్కువున్నవి మాత్రం వాళ్లిష్టం వచ్చిన వరసలో రాయొచ్చు. ఫినాక్సీఎథనాల్ అని ఒక ప్రిజర్వేటివ్ చాలా డబ్బాల్లో ఉంటుంది, దాని గరిష్ట పరిమితే 1 శాతం, కాబట్టి హైడ్రొలైజ్డ్ అనే మాట దాని తర్వాత వస్తే ప్రొటీన్ 1 శాతం దాటదని అర్థం. అంత తక్కువ ఉన్నది రోజూ వాడినా ఒక్కటైతే పర్లేదు గానీ, నాలా షాంపూ, కండిషనర్, లీవ్-ఇన్, మాస్క్ నాలుగూ అవే అయితే నాలుగు వైపుల నుంచీ గంజి పడుతున్నట్టే. నాలుగు డబ్బాలూ వరసగా పెట్టి వెనక్కి తిప్పి చదివిన రోజే నాకు సంగతి అర్థమైంది, ముందు వైపు చదివితే ఎప్పటికీ అర్థమయ్యేది కాదు.

గోధుమ పడనివాళ్లు వీట్ ప్రొటీన్ ఉన్నవి వాడకండి. జపాన్‌లో హైడ్రొలైజ్డ్ వీట్ ప్రొటీన్ కలిపిన ఒక ముఖం సబ్బు వాడి రెండు వేల మందికి పైగా గోధుమ అలర్జీ తెచ్చుకున్నారు, అంతకుముందు రొట్టె హాయిగా తిన్నవాళ్లే, 2011లో ఆ సబ్బు వెనక్కి తీసుకున్నారు. ఏ కొత్త డబ్బా అయినా చెవి వెనక కొంచెం రాసి ఒకరోజు ఆగి చూసుకోండి.

గుడ్డు సంగతి అడక్కుండా ఎవరూ ఉండరు కాబట్టి చెప్పేస్తా. గుడ్డు తెల్లసొనలో ఎక్కువ ఉండే ప్రొటీన్ ఓవల్బ్యుమిన్, దాని బరువు 45,000 డాల్టన్ల దాకా ఉంటుంది (డాల్టన్ అంటే అణువుల బరువు కొలిచే లెక్క), జుట్టు లోపలికి వెళ్లాలంటే ముక్క వెయ్యి డాల్టన్ల దగ్గర ఉండాలి, పోలిక చూడండి. అందుకని గుడ్డు పైన పూతే తప్ప లోపలికి పోదు. మరి అమ్మ వాళ్లకి జుట్టు అంత మెత్తగా ఎలా ఉండేదంటే అది పచ్చసొనలో ఉన్న కొవ్వు వల్ల, లెసిథిన్ వల్ల, దాంట్లో కలిపే పెరుగు వల్ల, అన్నిటికంటే ముందు వాళ్ల జుట్టు ఎప్పుడూ బ్లీచ్ మొహం చూడకపోవడం వల్ల. గుడ్డు పెట్టుకోవాలనుంటే పచ్చసొన పెట్టుకోండి, చల్లటి నీళ్లతో కడగండి, వేడి వేడి నీళ్లు పోస్తే గుడ్డు జుట్టులోనే ఉడికి ముక్కలు ముక్కలుగా ఇరుక్కుంటుంది. బియ్యం కడిగిన నీళ్లు, గంజి కూడా అంతే, వాటిల్లో ఉండేది ఎక్కువ పిండి పదార్థమే, ప్రొటీన్ చాలా కొంచెం. చీరకి పెట్టే గంజే అది.

కానీ మన ఇళ్లల్లో ఒక అలవాటు మాత్రం బంగారం, తలంటుకి ముందు కొబ్బరినూనె. 2003లో ఆర్తీ రేలే, మొహిలే అనే ఇద్దరు మన దేశపు సైంటిస్టులు కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడూ జుట్టుకి పెట్టి కడిగి చూశారు, కడిగినప్పుడు, దువ్వినప్పుడు జుట్టు నుంచి పోయే ప్రొటీన్‌ని తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. అందులో ఉండే లారిక్ ఆమ్లం చిన్నగా తిన్నగా ఉంటుంది కాబట్టి లోపలికి పోగలదు, అది లోపల ఉంటే తలస్నానంలో జుట్టు అంతగా ఉబ్బదు. అంటే బయట నుంచి ప్రొటీన్ కొని పెట్టేకంటే ఉన్న ప్రొటీన్ పోకుండా చూసుకోవడం, అదీ వంటింట్లో ఉండే సీసాతో. షాంపూకి ముందు కనీసం రెండు మూడు గంటలు, వీలుంటే ముందురోజు రాత్రే పెట్టుకుంటా నేను. ప్రొటీన్ ట్రీట్‌మెంట్ చేసుకునే రోజు మాత్రం నూనె వద్దు, ఆ రోజు జుట్టు ఉత్తగా ఉండాలి.

నీళ్ల గురించి చెప్పకపోతే ఇదంతా సగమే. మాది రాజమండ్రి, కుళాయిలో గోదావరి నీళ్లు వస్తాయి, ఊరెళ్లినప్పుడల్లా జుట్టు దానంతటదే మెత్తబడేది, అమ్మ చేతి మహిమ అనుకునేదాన్ని. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్‌కి వచ్చేది బోరు నీళ్లు, వేసవిలో ట్యాంకర్. బకెట్లో పెట్టే హీటర్ రాడ్ మీద తెల్లటి పెచ్చు కట్టి ఉంటుంది, కుళాయి మూతి దగ్గర సున్నం, షాంపూ ఎంత రుద్దినా నురగ రాదు. ఆ కాల్షియం, మెగ్నీషియం జుట్టు మీద కూడా పేరుకుంటాయి, బ్లీచ్ అయిన జుట్టు మీద ఇంకా ఎక్కువ, అప్పుడు కూడా జుట్టు బిరుసుగా గరగరలాడుతూనే ఉంటుంది, ప్రొటీన్ ఎక్కువైనట్టే అనిపిస్తుంది. అందుకని బిరుసుగా ఉందంటే ముందు హీటర్ రాడ్ చూడండి. తెల్లగా ఉంటే చిలేటింగ్ షాంపూ అని అమ్ముతారు, కాల్షియం లాంటివాటిని పట్టి కడిగేసే ఈడీటీఏ ఎక్కువ ఉండేది, అది రెండు మూడు వారాలకోసారి వాడండి, ఆఖరి రెండు మగ్గులూ ఫిల్టర్ నీళ్లు పోసుకోండి. నాకు దీనివల్ల వచ్చిన తేడా మాస్కుల వల్ల వచ్చిన తేడా కంటే ఎక్కువే.

పార్లర్లలో కెరటిన్ ట్రీట్‌మెంట్ అని చేసేది ఇది కాదు, చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. అది జుట్టుని సాఫీగా చేసే పద్ధతి, అందులో పని చేసేది కెరటిన్ కాదు, ఫార్మాల్డిహైడ్‌నో గ్లయాక్సిలిక్ యాసిడ్‌నో పూసి 200 డిగ్రీలు దాటిన ఇస్త్రీతో నొక్కుతారు. ఫార్మాల్డిహైడ్ వేడికి గాల్లోకి వస్తుంది, కళ్లు మండేది, గొంతు పట్టేసేది అందుకే. గ్లయాక్సిలిక్ యాసిడ్ సురక్షితం అనుకునేవాళ్లు ఇది వినండి, 2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 26 ఏళ్ల అమ్మాయి గురించి వచ్చింది, స్ట్రెయిట్‌నింగ్ చేయించుకున్న ప్రతిసారీ, మూడుసార్లూ కిడ్నీలు దెబ్బతిన్నాయి. జుట్టుకి బలం వస్తుందని ఎవరైనా చెప్పి ఇది చేయిస్తుంటే లేచి వచ్చేయండి. ఒలాప్లెక్స్ అనే బ్రాండ్ లాంటివి ఇంకో వేరే జాతి, 2014లో వచ్చాయి, వాటిల్లో ప్రొటీన్ ఉండదు, తెగిన గంధకం బంధాల దగ్గర పని చేస్తాయంటారు, వాటికి ఈ గంజి గొడవ లేదు, ధరే ఎక్కువ.

ఇంకొకటి, బాధగా ఉంటుంది చెప్పాలంటే. మా ఆఫీసులో ఒక అమ్మాయికి డెంగ్యూ వచ్చి తగ్గింది, రెండు మూడు నెలలకి జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడటం మొదలైంది, భయపడి నెలకి రెండు మాస్కులు కొని పెట్టుకుంది. దాని దిండు మీద ఉన్న వెంట్రుక చూపించమన్నా, చివర తెల్లటి చిన్న బొడిపె ఉంది. అది కుదురు దగ్గర నుంచి ఊడిన వెంట్రుక, తెగిన వెంట్రుక కాదు, దానికి పైన ఏది పూసినా లాభం లేదు. జ్వరం తర్వాత, కాన్పు తర్వాత అలా ఊడటం మామూలే, కొన్ని నెలల్లో దానంతటదే తగ్గుతుంది, తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లి ఐరన్, థైరాయిడ్ చూపించుకోవాలి. బొడిపె లేకుండా పొట్టి ముక్కలుగా వస్తుంటే అది తెగడం, అప్పుడే ఈ పోస్టుతో పని.

మా చెల్లితో వీడియో కాల్ పెట్టించి గిన్నెలో వెంట్రుక నానబెట్టించా. "లాగుతున్నా అక్కా" అంది, అనేలోపే తెగింది, సాగనే లేదు. బాత్రూం అరలో ఉన్నవి ఒక్కొక్కటీ వెనక్కి తిప్పి కెమెరాకి చూపించమన్నా, ఐదులో నాలుగింట్లో హైడ్రొలైజ్డ్ ఉంది. అక్కడ కూడా బోరు నీళ్లే. నాలుగూ పక్కన పెట్టించా, ఒకసారి చిలేటింగ్ షాంపూ, ఆపైన ప్రతి తలస్నానానికి ముందు కొబ్బరినూనె, తర్వాత ప్రొటీన్ లేని మామూలు కండిషనర్, నెలపాటు ఇంకేం వద్దు అని చెప్పా. నాకు మెత్తబడటానికి ఐదారు తలస్నానాలు పట్టింది, దానికి జుట్టు పొడవెక్కువ, చివర్లు రెండంగుళాలు తీయించుకోమన్నా, ఏడుపు మొహం పెట్టింది గానీ సరే అంది. సంక్రాంతికి ఇద్దరం ఊరెళ్తున్నాం, భోగి రోజు అమ్మ ఎలాగూ తలంటు పోస్తుంది, ఆ గోదావరి నీళ్లు పడ్డాక దాని వెంట్రుక ఒకటి తీసి నేనే లాగి చూస్తా.